వద్దన్న నీరే... వరమైంది!

పడవలు తిరగాలని తవ్విన కాల్వ అది. చినుకు కోసం మొగం వాచే రాయలసీమలో పడవలేంటి అనుకుంటున్నారా? నమ్మాల్సిందే. కర్నూలు-కడప కాల్వ... జనం నోట్లో కేసీ కాల్వ. తుంగభద్రను పెన్నాతో కలిపిన ఈ కాల్వ వయసు నూటయాభై ఏళ్లు దాటింది. పడవలు ఎప్పుడో పోయాయి. నీటి కోసం ఎదురుచూపులు మాత్రం ఏటా ఉన్నవే!

కాటన్ దొర కల

గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్‌కు ఓ పెద్ద కల ఉండేది. నదులన్నింటినీ కాల్వలతో కలపాలి, పొలాలు తడపాలి, అదే నీటిపై సరకులు నడపాలి. రైలుకన్నా పడవ చౌక అన్నది ఆయన వాదన. ఆ ఆలోచన అండతోనే లండన్‌లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ పుట్టింది. తుంగభద్ర నుంచి నెల్లూరు తీరం దాకా జలమార్గం వేయాలన్నది లక్ష్యం. పది లక్షల పౌండ్ల పెట్టుబడిపై 5 శాతం వడ్డీకి ప్రభుత్వమే హామీ ఇచ్చింది.

1863లో పనులు మొదలయ్యాయి. కర్నూలుకు ఎగువన సుంకేశుల వద్ద ఆనకట్ట లేచింది. కర్నూలు ఊళ్లో హంద్రీ నదిని అక్విడక్టుపై దాటించారు. మిట్టకందాల వద్ద కృష్ణా, పెన్నా పరీవాహకాలను విడదీసే మెట్టను తవ్వి నీటికి దారి తీశారు. అక్కణ్నుంచి నిప్పులవాగు, గాలేరు, కుందూనదుల మీదుగా కడప వైపు... మొత్తం సుమారు 306 కిలోమీటర్లు! ఖర్చు అంచనాలు దాటిపోయింది. కాల్వ కడప దాకా వచ్చి ఆగిపోయింది. సముద్రాన్ని చేరనేలేదు.

మాకొద్దన్న రైతులు

అసలు చిక్కు నీళ్లొచ్చాకే మొదలైంది. అది నల్లరేగడి నేల. పడిన వానను పట్టి ఉంచుతుంది. జొన్న, పత్తి ఆ తేమతోనే పండేవి. ఇక డబ్బు కట్టి కాల్వనీరు తీసుకోవడం ఎందుకన్నది రైతుల లెక్క. ఆదాయం లేక కంపెనీ కుదేలైంది. 1876-78 నాటి ధాత కరవు వచ్చాక కాల్వ విలువ తెలిసొచ్చింది. కంపెనీ మాత్రం కోలుకోలేదు. 1882లో ప్రభుత్వం సుమారు రూ.3 కోట్లకు కాల్వను కొనేసింది. 1933లో పడవల రాకపోకలూ ఆగాయి. ఇక అది పూర్తిగా సాగునీటి కాల్వ.

చివరి మడి దాకా...

నాడు వద్దన్న నీటి కోసమే నేడు పోటీ. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు. నంద్యాల ప్రాంతంలో పండే కర్నూలు సోనా బియ్యానికి ఈ నీరే ప్రాణం. బచావత్ ట్రైబ్యునల్ 39.9 టీఎంసీలు కేటాయించింది. కానీ సుంకేశుల బ్యారేజీలో నిల్వ ఉండేది 1.2 టీఎంసీలే. అంటే తుంగభద్ర పారితేనే కాల్వ పారేది. అందుకే ఎగువన గుండ్రేవుల వద్ద రిజర్వాయరు కట్టాలని రైతులు ఏళ్లుగా అడుగుతున్నారు.

నది వస్తే మాత్రం ఒక్కసారే వస్తుంది. 2009 అక్టోబరు వరదకు కర్నూలు మునిగింది, సుంకేశుల దెబ్బతింది. జపాన్ రుణంతో కాల్వను ఆధునికీకరించారు. శ్రీశైలం నీటిని పోతిరెడ్డిపాడు, బనకచర్ల మీదుగా నిప్పులవాగులోకి మళ్లించే ఏర్పాటుంది. 2017 నుంచి ముచ్చుమర్రి ఎత్తిపోతలూ తోడైంది.

ఇన్ని చేసినా కష్టం చివరి ఆయకట్టుదే. ఎగువన మడులు నిండాకే దిగువకు వంతు. నీళ్లు వదిలారని తెలియగానే కడప వైపు రైతు గట్టెక్కి చూస్తాడు. లండన్ కంపెనీ లెక్కల్లో కాల్వంటే వడ్డీ, లాభం. అతడి లెక్క ఒక్కటే... నారుమడి ఎండకముందే నీరు చేరుతుందా, లేదా?