పొలం గట్టున కెమెరా

పర్యావరణ సమస్యలపై వచ్చే డాక్యుమెంటరీల్లో ఆ సమస్యను రోజూ అనుభవించేవారు సాధారణంగా నాలుగు మాటలు చెప్పి తప్పుకొనే సాక్షులుగానే మిగులుతారు. ఏమి అడగాలో, ఏది ఉంచాలో, ఏది తీసివేయాలో తేల్చేది బయటి నుంచి వచ్చినవారే. ఈ వరుసను తిరగవేసి, అంశాన్ని ఎంచుకోవడం మొదలు చిత్రీకరణ, కూర్పు, ప్రదర్శన వరకు నిర్ణయాధికారాన్ని ఊరివారికే అప్పగించే పద్ధతిని భాగస్వామ్య చిత్రనిర్మాణం అంటారు. 1967లో కెనడాలోని ఫోగో దీవిలో జాలరుల మాటలను దర్శకుడు కోలిన్ లో (Colin Low) చిత్రీకరించి, వాటిని మొదట ఆ దీవివాసులకే చూపి, వారు ఒప్పుకున్నాకే ప్రభుత్వ పెద్దల ముందుంచిన ప్రయత్నం ఈ పద్ధతికి తొలిమెట్టుగా పేరుపొందింది.

కెమెరా కూడా ఊరివారి చేతికే వచ్చిన సందర్భానికి బలమైన ఉదాహరణ తెలంగాణలోనే ఉంది. జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లో, జొన్నలు, కొర్రలు, సామలు కలిపి పండించుకొనే దళిత స్త్రీలు 1990ల చివర్లో వీడియో చిత్రీకరణ నేర్చుకున్నారు. వారిలో చాలామందికి అక్షరజ్ఞానం లేదు. ఎత్తు నుంచి కిందికి చూపే దృశ్యాన్ని, కూలివాళ్లను భూస్వామి చూసే చూపుగా గుర్తించి వారు 'పటేల్ షాట్' అన్నారు. సంఘంలో అందరూ నేలమీద ఎదురెదురుగా కూర్చున్నట్టు కళ్లకు సమానమైన ఎత్తున తీసే దృశ్యం 'సంఘం షాట్' అయింది. కెమెరాను ఎక్కడ నిలపాలన్నది మర్యాదకు సంబంధించిన విషయమని ఇంత సూటిగా చెప్పిన పాఠ్యపుస్తకం అరుదు.

ఈ మహిళల కెమెరా తర్వాత పత్తి చేలకూ వెళ్లింది. పురుగును చంపే విషపదార్థాన్ని మొక్కే తయారుచేసుకొనేలా ఒక బాక్టీరియా జన్యువును చొప్పించిన బీటీ పత్తికి 2002లో దేశంలో అనుమతి లభించగా, ఆ ఏడాదే వరంగల్ ప్రాంతంలో కొందరు రైతులు దాన్ని వేశారు. పస్తాపూర్ మహిళలు పంటకాలమంతా ఆ చేలకు తిరిగి తిరిగి వెళ్లి, విత్తనానికి ఎంత పెట్టారో, మందు ఎన్నిసార్లు కొట్టారో, చివరకు ఎంత పత్తి చేతికొచ్చిందో రైతుల నోటనే రికార్డు చేశారు. రైతుల ఆగ్రహానికి కారణాలను చూపుతూ వచ్చిన ఆ చిత్రం 2003లో విడుదలైంది. తర్వాతి సంవత్సరాల పంటలపైనా వారు చిత్రాలు తీశారు. బీటీ పత్తి లాభనష్టాలపై శాస్త్రవేత్తల మధ్య వాదం సాగుతూనే ఉన్నా, ఈ చిత్రాల విలువ వేరే చోట ఉంది. నేల సారం తగ్గడం, అప్పు పెరగడం వంటివి ఒక్కరోజు షూటింగుకు చిక్కవు. మొలక నుంచి చివరి ఏరివేత దాకా ఓపికగా వెంట నడిచే చూపు, ఏ దశలో ఏమి అడగాలో తెలిసిన సాగు అనుభవం అందుకు కావాలి.

ఈ పద్ధతికి చిక్కులు లేకపోలేదు. పరికరాలకు, శిక్షణకు డబ్బిచ్చే సంస్థల అభిప్రాయం ఊరి అభిప్రాయంగా చెలామణి అయ్యే ప్రమాదం ఉంది. ఊరిలోనే కులబలం, భూమి ఉన్నవారి మాట మిగిలిన గొంతులను మింగవచ్చు. అందుకే కెమెరా ఎవరి చేతిలో ఉందన్నదానికన్నా, తీసిన దృశ్యాల్లో ఏది ఉండాలో తేల్చే ఎడిటింగ్ గదిలో ఎవరు కూర్చున్నారన్నది, పూర్తయిన చిత్రాన్ని ముందుగా ఏ ఊళ్లో చూపారన్నది గట్టిగా అడగవలసిన ప్రశ్నలు.