సాహసమునకు అందరును అర్హులే

అంగవైకల్యము గలవారియెడ సంఘము చూపు దయ సాధారణముగా వైద్యముతోను పోషణముతోను ముగియును. వారికి మందును, కూడును, గుడ్డయు సమకూర్చినంతట తన ఋణము తీరినదని లోకము తలంచును. కాని కొండ యెక్కవలెనని, ఏటిలో పడవ నడుపవలెనని, మంచువాలున గాలితో పందెము వేయుచు జారవలెనని వారికిని కోరిక యుండునన్న సంగతి చాలకాలము వరకు పెద్దలకు తోచనే లేదు. తోచినను, ప్రమాదభయము ఆ తలంపును గడప దాటనీయలేదు.

ఆ గడపను ముందుగా దాటినవారిలో యుద్ధక్షతులైన సైనికులు ముఖ్యులు. రెండవ ప్రపంచ సంగ్రామమున కాళ్లు పోగొట్టుకొని యిల్లు చేరిన ఆస్ట్రియా, జర్మనీ దేశస్థులు కొందరు, చంకకర్రల అడుగున మంచుపై జారు పొట్టి పలకలను, అనగా స్కీలను, బిగించుకొని, ఒంటికాలితో మరల మంచుకొండల నాశ్రయించిరి. అమెరికాలో వియత్నాం యుద్ధమున గాయపడిన సైనికులు 1967లో ఇట్టి క్రీడలకొరకు ఒక సంఘమును స్థాపించుకొనిరి.

ఈ విద్య సైనికులనుండి సామాన్యులకు సంక్రమించిన తీరు తెలియుటకు కొలరాడో రాష్ట్రములోని వింటర్ పార్కు చరిత్ర చాలును. 1970లో డెన్వరు నగరపు బాలల వైద్యశాలనుండి, అవయవములు కోల్పోయిన 23 మంది పిల్లలు రాకీ పర్వతములలోని ఆ మంచుక్రీడాస్థలమునకు రాగా, హాల్ ఓలియరీ అను శిక్షకుడు వారికి స్కీ నేర్పుటకు పూనుకొనెను. ఒక్కమారు చెప్పి విడువదలచిన ఆ పాఠము ఏటేట పెరిగి, నేడు జాతీయ వికలాంగ క్రీడాకేంద్రమను సంస్థగా నిలిచి, వేసవిలో శిలారోహణమునకును, నదీవిహారమునకును, సైకిలు యాత్రలకును వ్యాపించినది.

ఇట్టి చోట్ల గురువు మొదట విచారించునది శిష్యునియందు మిగిలిన శక్తి యేది యని. ఒక కాలు గలవానికి ఒక స్కీయును, చేతులలో పొట్టి స్కీలు అమర్చిన రెండు కర్రలును చాలును. నడుము క్రింద చలనము లేక భుజబలము గలవాడు, ఒకే స్కీపై స్ప్రింగుతో నిలిపిన ఆసనమున గట్టిగా బిగింపబడి కూర్చుండి, దేహమును వంచుచు, చేతికర్రల నూతగొని, తన దారిని తానే త్రిప్పుకొనును. అంత బలము చాలనివాని ఆసనము క్రింద రెండు స్కీలుండును. వెనుక వచ్చు శిక్షకుడు పట్టీలు పట్టి వేగము నదుపు చేయును. దృష్టి లేనివాడు మార్గదర్శి పలుకు కుడియెడమల ననుసరించి వాలు దిగును.

పూర్వము మన పల్లెలలో బావియందు ఈత నేర్పువారు పిల్లవాని నడుమునకు త్రాడు కట్టి, గట్టుపై నిలిచి, వానికి చేతులాడుకొలది దానిని వదులు చేసెడివారు. ఈ పట్టీల ధర్మమును అదియే. సహాయము మితిమీరినచో శిష్యుడు ఒరులు మోయు బరువగును. చాలనిచో అపాయము వాటిల్లును. వెన్నెముక దెబ్బతిన్నవానికి కాళ్లలో స్పర్శ తెలియదు గనుక, చలికి చర్మము చెడినను, ఆసనపు టొరపిడికి పుండు పడినను అతడెరుగడు. అందుచే మెత్తలు సవరించుట, నడుమ నడుమ చర్మమును పరీక్షించుట పాఠములో భాగములు. క్రొత్తచోటున కలత చెందు ఆటిజం గల పిల్లలకు, ఆనాటి పనులను వరుస బొమ్మలుగా ముందే చూపుట మేలు.

మంచు లేని సీమలకును ఇట్టి యుపాయములు కలవు. ఫ్రాన్సు దేశపు పర్వతమార్గదర్శి జోయెల్ క్లోడెల్, కండరముల వ్యాధితో నడువలేని తన బంధుబాలునికొరకు 1987లో ఒంటిచక్రపు కుర్చీ నొకదానిని కల్పించెను. ముందొకరును వెనుక నొకరును పట్టి నడిపించు ఆ ‘జోయెలెట్’, మామూలు చక్రాల కుర్చీ పోజాలని ఇరుకు రాతిబాటలలోను సాగును.

అయినను, తెలిసి తెలిసి వీరి నపాయమునకు గురిచేయనేల యని కొందరడుగవచ్చును. 1972లో అమెరికా రచయిత రాబర్ట్ పెర్స్కీ, బుద్ధిమాంద్యము గలవారినిగూర్చి వ్రాయుచు, సాహసించుటలోను మానవగౌరవము కలదనియు, అతిరక్షణము దానిని హరించుననియు ప్రతిపాదించెను. అంధుడైన ఎరిక్ వైహెన్‌మేయర్ 2001లో ఎవరెస్టు నెక్కినప్పుడు లోకమంతయు మెచ్చినది. కాని అట్టి ఘనులను మెచ్చుటలో నొక చిక్కు గలదు. అసాధారణ వీరులకే కొండ తగునని మనము భ్రమపడుదుము. కాళ్లున్న సామాన్యుడు స్కీపై పదిమార్లు పడి, నవ్వుకొని, మరునాడు మరల వచ్చుచుండగా, కాళ్లు లేనివాడు మాత్రము జగద్విఖ్యాతుడు కావలెనని కోరుట న్యాయము కాదు. ఏ ఘనతయు సాధింపక, ఊరక సంతోషముకొరకు ఆడుటకును, ఓడుటకును అతనికి హక్కు కలదు.

ఐక్యరాజ్యసమితి 2006 నాటి ఒడంబడిక 30వ అధికరణమున వినోదమునందును క్రీడలందును వికలాంగుల సమభాగమును అంగీకరించినది. భారతదేశము 2007లో దానిని ధ్రువపరచి, 2016 నాటి చట్టమున వీనికి చోటిచ్చినది. హైదరాబాదులో ఆదిత్య మెహతా ఫౌండేషన్ వికలాంగులకు సైకిలు శిక్షణ నొసగుచున్నది; పుణేలో అంధుడైన దివ్యాంశు గణాత్రా నెలకొల్పిన సంస్థ, చూపున్నవారిని ముందును, లేనివారిని వెనుకను కూర్చుండబెట్టి జంటసైకిళ్లపై హిమాలయమార్గములలో నడిపించినది. ఇట్టి యత్నములు వ్యాపింపవలెనన్నచో, కొండయాత్రాస్థలములలో వాలుబాటలు కట్టుట ఆరంభము మాత్రమే. మన వ్యాయామోపాధ్యాయులును, యాత్రానిర్వాహకులును ఈ విద్య నభ్యసింపవలెను. పరికరములను ధనముతో కొనవచ్చును గాని, వానిని ఎవరికి ఎంతవరకు వాడవలెనో, ఎప్పుడు చేయి విడువవలెనో తెలిసిన శిక్షకులను మనమే తయారుచేసికొనవలెను.