వింగు ఫాయిలింగులో వింగు పరిమాణం

వింగు ఫాయిలింగు ఒక జలక్రీడ. ఆడే వ్యక్తి ఒక పలక మీద నిలబడి, గొట్టాలలో గాలి నింపిన తేలికైన వింగును రెండు చేతులతో పట్టుకుని, వీచే గాలి బలంతో ముందుకు సాగుతాడు. పలక అడుగున ఒక నిలువు కమ్మీ, దాని కొసన విమానం రెక్కలను పోలిన చిన్న రెక్కలు ఉంటాయి. ఈ అమరికను ఫాయిల్ అంటారు. వేగం పెరిగినప్పుడు ఫాయిల్ పలకనీ మనిషినీ కలిపి నీటికి పైకి ఎత్తుతుంది. ఈ క్రీడ ఇప్పుడున్న రూపంలో 2018-2019 ప్రాంతంలో వ్యాప్తిలోకి వచ్చింది. డువోటోన్, నైష్ వంటి సంస్థలు ఆ రోజుల్లోనే గాలి నింపే వింగులను అమ్మకానికి తెచ్చాయి.

వింగు పరిమాణాన్ని చదరపు మీటర్లలో చెబుతారు. 2 నుండి 7 చదరపు మీటర్ల దాకా దొరుకుతాయి. ఏ గాలికి ఎంత వింగు వాడాలో చెప్పే పట్టికలు చాలావరకు 75-80 కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకుని తయారైనవే. 45 నుండి 60 కిలోల మధ్య బరువున్నవారు వాటిని ఉన్నదున్నట్టు అనుసరిస్తే ఇబ్బంది పడతారు. "ఒక సైజు తగ్గించు" అన్న సలహా తరచు వినబడుతుంది కాని, అది కొన్ని చోట్ల సరిపోతుంది, కొన్ని చోట్ల సరిపోదు.

పదాల గురించి ఒక మాట. తెలుగులో వింగు అన్నా రెక్క అన్నా ఒకటే. తికమక లేకుండా ఈ వ్యాసంలో చేతిలో పట్టుకునేదాన్ని వింగు అనీ, నీటిలో మునిగి ఉండే ఫాయిల్‌లోని పెద్ద రెక్కను ముందు రెక్క అనీ అంటున్నాము.

గాలి వేగం, వైశాల్యం

గాలి వేగాన్ని ఈ క్రీడలో నాట్లలో కొలుస్తారు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. వింగు లాగే బలం వింగు వైశాల్యానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కాని అదే బలం గాలి వేగపు వర్గానికి కూడా అనులోమానుపాతంలో ఉంటుంది. కొత్తవారు మరచిపోయేది ఈ రెండవ విషయాన్నే. గాలి 15 నాట్ల నుండి 21 నాట్లకు పెరిగితే చూడటానికి పెద్ద తేడా అనిపించదు. కాని వింగు లాగే బలం దాదాపు రెండింతలవుతుంది. అంటే 15 నాట్ల గాలిలో 4 చదరపు మీటర్ల వింగు ఇచ్చే బలం 21 నాట్ల గాలిలో 2 చదరపు మీటర్ల వింగుతోనే వస్తుంది.

గాలి సాంద్రత ప్రభావం కూడా కొంత ఉంది. సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీల సెల్సియస్ చలిగాలి ఘనమీటరుకు సుమారు 1.25 కిలోలు తూగితే, 30 డిగ్రీల వేడిగాలి 1.16 కిలోలు తూగుతుంది. కాబట్టి ఒకే వేగంతో వీచినా, ఉత్తర ఐరోపా చలికాలపు గాలి కంటె రామేశ్వరం తీరపు గాలి ఏడు శాతం తక్కువ బలంతో లాగుతుంది. ఇది చిన్న తేడాయే. వింగు కొనేటప్పుడు దీని గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు.

బరువు లెక్క

ఇద్దరు మనుషులను ఊహించుకుందాం. ఒకరు 80 కిలోలు, మరొకరు 50 కిలోలు. ఇద్దరికీ పలక, ఫాయిల్, వింగు, తడి బట్టలు అన్నీ కలిపి 12 కిలోలు అనుకుందాం. శరీరపు బరువులను మాత్రమే పోల్చితే రెండవ వ్యక్తి మొదటి వ్యక్తిలో 62 శాతం. కాని ఫాయిల్ ఎత్తవలసినది శరీరాన్ని ఒక్కదాన్నే కాదు, మొత్తం బరువును. మొత్తాలు 92, 62 కిలోలు; నిష్పత్తి 67 శాతం. మనిషి తేలికైనంత మాత్రాన సరంజామా తేలిక కాదు కదా! 80 కిలోల వ్యక్తి 18 నాట్ల గాలిలో 5 చదరపు మీటర్ల వింగు వాడితే, అదే గాలిలో 50 కిలోల వ్యక్తికి సుమారు 3.4 చదరపు మీటర్లు కావాలి. శరీరపు బరువును బట్టి మాత్రమే లెక్కించి ఉంటే 3.1 అని వచ్చేది. వింగులు సాధారణంగా అర చదరపు మీటరు తేడాతో అమ్ముతారు కనుక, మొదటి లెక్క 3.5 వైపు, రెండవది 3 వైపు తీసుకుపోతాయి. దుకాణంలో నిలబడిన మనిషికి ఇది నిజమైన తేడా.

ఇదే లెక్కను తిప్పి చూడవచ్చు. 5 చదరపు మీటర్ల వింగు 80 కిలోల వ్యక్తికి 18 నాట్ల దగ్గర సరిపోతే, 50 కిలోల వ్యక్తికి 15 నాట్ల దగ్గరే సరిపోతుంది. నిష్పత్తికి వర్గమూలం కట్టాలి కనుక బరువు మూడో వంతు తగ్గినా గాలిలో తేడా మూడు నాట్లే. తేలికైనవారు ఎంత సన్నగాలిలోనైనా ఎగిరిపోతారన్న నమ్మకం అంత నిజం కాదు.

ఈ అంకెలు స్థూలమైనవి. నైపుణ్యం ఉన్నవారు వింగునూ పలకనూ ఊపి, తక్కువ గాలిలోనే లేవగలరు. ఒకసారి పైకి లేచాక నీటి నిరోధం బాగా తగ్గిపోతుంది కాబట్టి వింగు అంత అవసరం ఉండదు. పెద్ద వింగు కావలసింది ముఖ్యంగా లేచే ఆ కొద్ది క్షణాలకే.

లెక్కకు అందనివి

తేలికైన మనిషి చాలాసార్లు పొట్టి మనిషి కూడా. 5 చదరపు మీటర్ల వింగు ఒక కొస నుండి మరొక కొసకు సుమారు మూడున్నర మీటర్లు ఉంటుంది. ఐదడుగుల మనిషి దాన్ని పట్టుకుంటే కింది కొస నీటిని తాకుతూ ఉంటుంది; తాకిన ప్రతిసారీ వింగు మెలి తిరిగి మనిషిని పడేస్తుంది. పలక మీద మోకాళ్ళపై కూర్చుని లేచే సమయంలో ఈ బాధ మరీ ఎక్కువ. చాచిన చేతుల నిడివి తక్కువ కనుక వింగును తలపైకి ఎత్తి ఉంచడం కూడా కష్టమే. అందుచేత 50 కిలోల వ్యక్తికి 6 చదరపు మీటర్ల వింగు కాగితం మీద లాభంగా కనిపించినా, నీటి మీద తరచు నష్టమే.

రెండవది ఎదురు బరువు. వింగు పక్కకు లాగుతుంటే మనిషి తన బరువును వెనక్కి వాల్చి దాన్ని నిలవరిస్తాడు. 80 కిలోల మనిషి కొద్దిగా వాలి ఆపగలిగిన లాగును 50 కిలోల మనిషి బాగా వాలితే గాని ఆపలేడు. గాలి ఒక్కసారిగా విసిరినప్పుడు తేలికైనవారే ముందు పట్టు తప్పుతారు.

సన్నగాలికి మరో మార్గం

గాలి తక్కువగా ఉన్నప్పుడు వింగును పెంచడం కంటె ముందు రెక్కను పెంచడం తేలికైనవారికి మేలు. పెద్ద ముందు రెక్క తక్కువ వేగంలోనే ఎత్తుతుంది, చేతులకు అదనపు భారం ఉండదు. ఐతే దీనికీ హద్దు ఉంది. 80 కిలోల వ్యక్తి 1500 చదరపు సెంటీమీటర్ల ముందు రెక్క వాడుతుంటే, 50 కిలోల వ్యక్తికి అదే వేగంలో లేవడానికి సుమారు 1000 సరిపోతుంది. 1500 వాడితే 18 శాతం తక్కువ వేగంలోనే లేస్తాడు, కాని గాలి పెరిగినప్పుడు ఫాయిల్‌ను కిందికి అణచి పెట్టడానికి తగిన బరువు అతని దగ్గర ఉండదు.

చోటును బట్టి గాలి

అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో హుడ్ రివర్ అనే ఊరు ఈ క్రీడకు పేరుపొందింది. అక్కడ కొలంబియా నది కాస్కేడ్ పర్వతాలను చీల్చుకుని పడమరకు పారుతుంది. వేసవిలో తూర్పున ఉన్న పొడినేల వేడెక్కి, పసిఫిక్ వైపు చల్లగాలి ఆ లోయ గుండా తూర్పుకు దూసుకుపోతుంది. 20 నుండి 30 నాట్ల గాలి అక్కడ వింత కాదు, పైగా అది ఎగుడుదిగుడుగా వీస్తుంది. ఇటువంటి చోట 50 కిలోల వ్యక్తికి 3, 2.5 చదరపు మీటర్ల వింగులే ఎక్కువగా పనికివస్తాయి. సగటు గాలిని కాక విసురు గాలిని చూసి ఎంచుకోవాలి: 18 నాట్ల గాలి మధ్యలో 26 నాట్ల విసురు వస్తే బలం రెండింతలు దాటుతుంది.

ఈ నదిలో మరో విశేషం ఉంది. ప్రవాహం గాలికి ఎదురుగా పోతుంది. కింద పడినవారిని నీరే గాలి వచ్చే దిక్కుకు తీసుకుపోతుంది కనుక వింగు కాస్త చిన్నదైనా బయలుదేరిన చోటికి తిరిగి రాగలుగుతారు. ప్రవాహం లేని చెరువులోనో, సముద్రంలోనో ఈ సాయం ఉండదు. చిన్న వింగుతో లేవలేని మనిషి గాలివాటున కొట్టుకుపోతూనే ఉంటాడు. గాలి నేల మీది నుండి నీటి మీదికి వీచే రోజున ఇది ప్రాణాపాయం. చిన్న వింగు ఎప్పుడూ క్షేమమని అనుకోవడం అందువల్ల పొరపాటు.

కొత్తవారికి

50 కిలోల కొత్తవారు 14-18 నాట్ల నిలకడైన గాలిలో 4 చదరపు మీటర్ల వింగుతో మొదలుపెట్టడం మంచిది. లేవడం అలవాటయ్యాక అదే వింగు 12-13 నాట్లలో కూడా పనిచేస్తుంది. గాలి తరచు 20 నాట్లు దాటే చోట రెండవ వింగుగా 3 కొనుక్కోవచ్చు. 4 తరువాత 3.5 కొంటే తేడా అంతగా తెలియదు, డబ్బు దండుగ.

వింగు పెద్దదైందని తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. వెనక చేతిని వదిలి, వింగును ముందు పిడితో మాత్రమే పట్టుకుంటే అది జెండాలా రెపరెపలాడుతూ బలం కోల్పోవాలి. అప్పుడు కూడా మనిషిని ఈడ్చుకుపోతుంటే ఆ గాలికి అది పెద్దదే, ఒడ్డుకు రావాలి. పది నిముషాలు ఊపినా పలక నీటిని వదలకపోతే వింగు చిన్నదని గాని, ఫాయిల్ మీద పాదాల స్థానం తప్పని గాని అర్థం. కొత్తవారిలో చాలాసార్లు రెండవదే కారణం. కాబట్టి పెద్ద వింగు కొనబోయే ముందు పాదాలను రెండంగుళాలు ముందుకో వెనక్కో జరిపి చూడాలి.