రాతిపొరలలో ప్రాణికోటి చరిత్ర

ఇంటి అరుగునకు పరచిన కడపబండను ఎరుగని వారు మనలో అరుదు. దాని అంచును పరికించినచో కాగితముల కట్టవలె పొరమీద పొర కనబడును. ఒకప్పుడు నీటి యడుగున పేరుకొన్న బురదయే ఆ పొర. వరద తీసిన పిదప పొలమున మిగులు ఒండ్రును చూచిన రైతునకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. నిరుటి ఒండ్రు క్రింద నుండును, ఈయేటిది పైన నుండును. స్టెనో అను పండితుడు 1669లో ఇటలీ దేశమున ఈ చిన్నమాటనే సూత్రముగా ప్రకటించెను. భూమి చరిత్ర కంతకును పునాది యిదియే.

అయితే ఒక దేశపు పొర మరియొక దేశపు పొరకు ఈడైనదని తెలియుట యెట్లు? ఇంగ్లండులో పడవకాలువలు త్రవ్వించుచుండిన విలియం స్మిత్తు అను కొలతగాడు దీనికి ఉపాయము కనిపెట్టెను. ఒక్కొక్క పొరలో ఒక్కొక్క తీరు గుల్లలు రాయిగా మారి యుండుటను, అవి యెక్కడ త్రవ్వినను అదే వరుసను దొరకుటను గమనించి, ఆయన 1815లో ఆ దేశపు శిలల పటమును ముద్రించెను. తరువాతి వారు ఆయా యుగములకు ఊళ్ల పేర్లును సీమల పేర్లును పెట్టిరి. రష్యాలోని పెర్ము పట్టణమును బట్టి పెర్మియను యుగము వచ్చినది. మన గోండుల సీమను బట్టి వచ్చిన గోండ్వానా యను పేరు నేడు లోకమంతట చెల్లుచున్నది.

ఇంతవరకు తెలిసినది వరుస మాత్రమే. అన్నదమ్ములలో పెద్దయెవడో తెలిసినను, పుట్టిన సంవత్సరములు తెలియలేదన్న మాట. భూమి చల్లారుటకు పట్టిన కాలమును లెక్కించి, కెల్విను 1862లో దాని వయస్సు 2 కోట్లకును 40 కోట్లకును నడుమ నుండునని చెప్పెను. అది చాలదని పిమ్మట తేలినది. యురేనియమను లోహము తనంతట తాను మెల్లగా సీసముగా మారును. 447 కోట్ల యేండ్లలో సగము మారును. మిగిలినదానిలో సగము మారుటకు మరల అంతే కాలము పట్టును. వేడియు ఒత్తిడియు ఈ నడకను మార్చజాలవు. కావున రాతిలోని కణమున యురేనియమెంత, దానినుండి పుట్టిన సీసమెంత యని తూచినచో ఆ కణము పుట్టిన కాలము తెలియును. ఉల్కలలోని సీసమును ఇట్లే పరీక్షించి, పాటర్సను అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1956లో భూమి వయస్సు 455 కోట్ల యేండ్లని ప్రకటించెను. నేటి లెక్క 454 కోట్లు.

నిత్యము సంకల్పము చెప్పుకొను పెద్దలకు కోట్ల లెక్క క్రొత్తగాదు. బ్రహ్మకు పగలైన కల్పము 432 కోట్ల యేండ్లు గదా! ఈ రెండు సంఖ్యలు దగ్గరగా నున్నవని కొందరు మురియుచుందురు. అది గణితమునుండి పుట్టిన సంఖ్య, ఇది రాతిని తూచగా వచ్చినది. ఒకటి మరియొకదానికి సాక్ష్యము కాదని నా యభిప్రాయము. ఇంత పెద్ద సంఖ్యను విని మనవారు బెదరరు, అంతమాత్రము లాభము.

ఈ కాలమును నడిచి చూతము. కోటి యేండ్లకు ఒక మైలు చొప్పున లెక్కించినచో భూమి వయస్సు 454 మైళ్లగును. శ్రీకాకుళమునుండి నెల్లూరునకు బాటవెంట ఇంచుమించు అంతే దూరము. శ్రీకాకుళమున భూమి పుట్టినదనుకొనుడు. విశాఖపట్టణము దాటి తుని చేరులోపల, కంటి కానరాని సూక్ష్మజీవుల జాడలు మొదలగును. ఆస్ట్రేలియాలోని 348 కోట్ల యేండ్ల నాటి రాళ్లలో అవి దొరకినవి. అటుపిమ్మట కోసుల కొలది నడిచినను వింత లేదు. బెజవాడ సమీపించునప్పటికి 190 కోట్ల యేండ్లు మిగిలియుండును. కడప మండలమున వేంపల్లె సున్నపురాళ్లు ఇంచుమించు ఆ కాలమువి. వానిలో ఉల్లిపొరలవలె గుండ్రని దొంతరలు కలవు. ఆ సూక్ష్మజీవులు గుంపులుగా పెరిగి కట్టిన కట్టడములవి. మనము పీల్చు ప్రాణవాయువును మొట్టమొదట గాలిలో నింపినవి అట్టి జీవులే.

ఒంగోలు దాటిన పిదపగాని గుల్లలును పెంకులును గల జంతువులు విరివిగా కనబడవు. నెల్లూరు ఇంక 30 మైళ్లలోపల నున్నదనగా మన సింగరేణి బొగ్గు ఏర్పడిన అడవులు వచ్చును.

ఈ యడవులను గూర్చి కొంత ఆగి చెప్పవలెను. 1871లో ఇల్లెందు ప్రాంతమున డాక్టరు కింగు ఈ బొగ్గును కనుగొనెను. బొగ్గుపొరల నడుమనుండు పలకరాతిలో నాలుకను బోలిన ఆకుల ముద్రలు దొరకును. ఆ చెట్టు పేరు గ్లోసాప్టెరిసు. 1912 జనవరిలో స్కాటు అను ఆంగ్లేయుడు నలుగురు తోడివారితో దక్షిణ ధ్రువమును చేరెను. తిరుగుదారిలో ఆకలితో, మంచుతో పోరాడుచు, కాళ్లీడ్చుచు నడచుచుండియు వారు కొండప్రక్కన 35 పౌన్ల రాళ్లను ఏరి బండిలో వేసికొనిరి. ఐదుగురిలో ఒక్కడును బ్రతుకలేదు. నవంబరులో వెదకబోయినవారికి ముగ్గురి శవములతోపాటు ఆ రాళ్లును దొరకినవి. వానిలో ఉన్నది గ్లోసాప్టెరిసు ఆకు! మంచుగడ్డయైన ఆ ఖండమున నొకప్పుడు అడవులుండెననియు, అదియు మన దేశమును ఆఫ్రికాయు ఒక్కనేలగా నుండెననియు చెప్పు సాక్ష్యములలో ఆ ఆకు ముఖ్యమైనది. బరువును పారవేసి ప్రాణము దక్కించుకొనుటకు యత్నింపక, దానిని తుదిదాక మోసిన ఆ మనుష్యులను తలచినచో ఆశ్చర్యము కలుగకమానదు.

25 కోట్ల 20 లక్షల యేండ్ల క్రిందట సైబీరియాలో భూమి బ్రద్దలై లావా వెల్లువగా పారెను. సముద్రజీవుల జాతులలో నూటికి ఎనుబదికి పైగా నశించెను. గ్లోసాప్టెరిసును అప్పుడే పోయెను. తరువాతి యుగము డైనోసారులది. ఆదిలాబాదు సీమలో యామనపల్లి యొద్ద దొరకిన 30 అడుగుల జంతువునకు 1988లో కోటాసారసు అని పేరిడిరి. దాని యెముకల గూడును హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నిలబెట్టినారు.

నెల్లూరు ఆరున్నర మైళ్లున్నదనగా ఆ రాజ్యమును ముగిసెను. మెక్సికో తీరమున ఆకాశమునుండి పడిన మహాశిల 110 మైళ్ల వెడల్పు గొయ్యి చేసెను. ఆ కాలముననే దక్కనులో లావా పారుచుండెను. దేనివలన నాశము కలిగెనని వాదము జరిగినది. పెక్కుమంది నేడు ఆకాశపు దెబ్బనే ప్రధానమందురు. వాకిట తిరుగు కోడి మాత్రము ఆ డైనోసారుల వంశములోనిదే. ఇక మనుష్యుడు వచ్చుట నెల్లూరు గడపకు యాబది గజముల దూరమున. వ్రాత నేర్చిన 5000 ఏండ్లు రెండు మూరలకు తక్కువ.

ఆనాటి లావాయే గోదావరి యొడ్డున పంగిడి, దుద్దుకూరు, కాతేరు ప్రాంతముల నల్లరాయి. రెండు లావాపొరల నడుమ సముద్రపు గుల్లలు గల సున్నపుపొర యొకటి కలదు. ఆ నాశము ముగిసిన పిదప ప్రాణులు మరల తలయెత్తిన తీరు అందు వ్రాయబడి యున్నది. అక్కడి రాయి బాటల కంకరకు పోవుచున్నది, బాటలును కావలసినవే. అయితే బావి త్రవ్వునప్పుడుగాని, రాతిగనిలోగాని ఎముకవంటిదో ఆకుముద్రయో కనబడినచో, దానిని పగులగొట్టకుండ, ఎన్ని అడుగుల లోతున, ఏ రాతి క్రింద దొరకినదో వ్రాసి, హైదరాబాదులోని భారత భూగర్భ పరిశోధనశాఖ కార్యాలయమునకు తెలుపుడు. లోతు తెలియని యెముకకు వరుస తెలియదు. వరుస తెలియనిచో అది సగము మూగది.