మేస్త్రీ మూల, లెక్కల కోణం

"మూల" అన్నది తమిళం "మూలై" నుంచి మనకి అంటుకున్న మాట అనీ, అసలు తెలుగు "కోణం" అనీ అనుకునేవాళ్ళు మనలో ఉన్నారు. హోసూరు, కృష్ణగిరి వైపు తమిళం పేరు చెప్తారు, బళ్ళారి వైపు కన్నడం పేరు చెప్తారు. అలా అనుకున్నాక పిల్లల ముందు ఆ మాట వాడడానికి కూడా మొహమాటపడతారు. నిజానికి సంగతి తలకిందులు. కోణం సంస్కృతంలోనూ ఉన్న పుస్తకాల మాట. మూల మన ఇంటి మాట.

తమిళంలో మూలై, కన్నడంలో మూలె, తుళులో మూలె, మలయాళంలో మూల. ఇది ఒకరి దగ్గర ఒకరు అప్పు తెచ్చుకున్నది కాదు, అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి. దీన్ని సంస్కృతం "మూలం"తో మాత్రం కలపకండి. వర్గమూలం, మూలధనం, మూలవిరాట్టు ఇవన్నీ చెట్టు వేరు అనే అర్థం నుంచి వచ్చినవి, గోడల మధ్య మూలకీ వాటికీ చుట్టరికం లేదు. తమిళనాట ఇంకో చిక్కుంది. "ల" పలికితే మూల, "ళ" పలికితే మెదడు! ఆ మూళైకి మన దగ్గర చుట్టం ఎముకలోని మూలుగ.

ఇప్పుడు మేస్త్రీ దగ్గరకి వద్దాం. లెక్కల పుస్తకంలో రెండు గీతలు ఒక చోట కలిస్తే చాలు, కోణమే. 30 డిగ్రీలైనా కోణమే, 117 అయినా కోణమే. మేస్త్రీకి అలా కాదు. "మూల కుదిరింది" అన్నాడంటే అది 90 డిగ్రీలే, ఇంకోటి కాదు. గోడలు కలిసే చోటు నుంచి ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దారం పట్టి చూస్తాడు. సరిగ్గా 5 అడుగులు వస్తే మూల కుదిరినట్టు, లేకపోతే పునాది మళ్ళీ సర్దాల్సిందే. ఆయన బడికి వెళ్ళి పైథాగరస్ చదివాడా లేదా అన్నది వేరే సంగతి. చేతిలో ఉండే పనిముట్టు మూలమట్టం. దీన్నే తమిళంలో మూలైమట్టం అంటారు, కన్నడంలో మూలెమట్ట అంటారు.

నాకు బాగా నచ్చే విషయం ఇది: బడిలో ఇంత కష్టపడి "లంబకోణం" నేర్పించి, జామెట్రీ పెట్టెలో ఉండే ఆ రెండు త్రిభుజాల పలకల పేరు దగ్గరకి వచ్చేసరికి తెలుగు పుస్తకమూ మూలమట్టం అనే రాసుకుంది. తమిళ, కన్నడ పుస్తకాలూ అంతే. పండితులు కోణాన్ని తెచ్చారు గానీ మేస్త్రీ చేతిలోని పనిముట్టు పేరు మార్చలేకపోయారు.

వాస్తులో మూల అంటే దిక్కు. దిక్కులు నాలుగు, వాటి మధ్య మూలలు నాలుగు. నైరుతి మూలని తమిళనాట "కన్నిమూలై" అంటారు. అక్కడి మన ఇళ్ళలో వినబడే కన్నిమూల ఇదే. దక్షిణాది రాశి చక్రాన్ని తూర్పు పైకి వచ్చేలా పెట్టి చూడండి, కన్యారాశి గడి సరిగ్గా నైరుతిలో పడుతుంది.

బట్ట కత్తిరించేవాళ్ళకి ఇంకో మాట ఉంది, ఐమూల. చదరపు గుడ్డని ఒక మూల నుంచి ఎదురు మూలకి మడిస్తే అది ఐమూలగా మడిచినట్టు. పడుగు, పేక ఒకదానికొకటి నిలువు అడ్డంగా ఉంటాయి కాబట్టి ఆ రెండు వైపులా గుడ్డ పెద్దగా సాగదు, ఐమూలగా లాగితే సాగుతుంది. రవిక ఒంటికి పట్టేలా కుట్టాలంటే ఇదే ఉపాయం. ఇప్పుడు దర్జీలు "క్రాస్ కటింగ్" అంటున్నారు, ఐమూల మెల్లగా పోతోంది.

ఇక వాడుకలో: మారుమూల పల్లె, దేశం నలుమూలలా, మూలన పడేసిన కుట్టుమిషను. కన్నడంలో ఎవరినైనా పక్కకి నెట్టేస్తే "మూలెగుంపు" చేశారంటారు. పత్రికల్లో మాత్రం పోలీసులు "అన్ని కోణాల్లో" దర్యాప్తు చేస్తారు. అక్కడ మూలల్లో అని పెట్టి చూడండి, పోలీసులు చీపురు పట్టుకున్నట్టు ఉంటుంది! చూసే తీరు అన్న ఈ అర్థం కోణానికి ఇంగ్లీషు వల్ల వచ్చింది.

నాకు బెంగ ఉన్నది బరంపురం, షోలాపూర్ గురించి. తమిళం, కన్నడం పక్కన ఉన్నచోట మన మూలకి ఆసరా ఉంది. బయట విన్న మూలై, మూలె ఇంట్లో మూలని గుర్తు చేస్తూనే ఉంటాయి. ఒడియాలో గది మూలకీ, లెక్కల కోణానికీ ఒకటే మాట, కోణ. (కోణార్క్‌లో ఉన్నది అదే, కోణ + అర్క.) మరాఠీలో లెక్కలకి కోన్, గది మూలకి కోప్రా. ఆ రెండు భాషల్లోనూ మూలకి తోడు దొరకదు, ఇంట్లో పెద్దవాళ్ళు అంటేనే పిల్లల చెవిన పడాలి. షోలాపూర్‌లో మగ్గం మీద బతికిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పడుగు, పేక తెలిసిన ఆ ఇళ్ళలో ఐమూలని ఇప్పుడేమంటున్నారో, బరంపురంలో మన మేస్త్రీలు మూలమట్టాన్ని ఏ పేరుతో అడుగుతున్నారో, అక్కడివాళ్ళు పెద్దల్ని అడిగి, విన్నది విన్నట్టు రాసి పంపండి.