మీకు తెలుసా? నెట్‌వర్క్ ఎక్కడ ఆగిందో పట్టించే సంగతులు

"సర్, నెట్ రావట్లేదు."

నెట్‌వర్క్ అడ్మిన్‌కి పొద్దున్నే మోగే ఫోన్లలో చాలావాటి సారాంశం ఇంతే. ఎవరికి రావట్లేదు, ఏది రావట్లేదు, ఎప్పట్నుంచి రావట్లేదు అన్నది అందులో ఉండదు. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ అనుభవం మీద తెలిసే సంగతి ఒకటుంది. బాగుచేయడానికి ఐదు నిమిషాలు పడితే, ఎక్కడ పాడైందో కనుక్కోవడానికి పూటంతా పడుతుంది. అందుకే నిజంగా టైం మిగిల్చే పనిముట్లు చాలావరకు 'ఎక్కడ?' అన్న ప్రశ్నకు జవాబు వెతికేవే. వాటిలో కొన్నిటి పుట్టుక, కొన్నిటి వాడకంలో చాలామంది దాటిపోయే కిటుకులు ఇవి.

పింగ్ ఒక్క రాత్రి పని

1983 డిసెంబరులో అమెరికా సైన్యం వారి బాలిస్టిక్ రీసెర్చ్ లేబొరేటరీలో నెట్‌వర్క్ వింతగా ప్రవర్తిస్తుంటే, మైక్ మ్యూస్ అనే ప్రోగ్రామర్ ఒక రాత్రి కూర్చుని సుమారు వెయ్యి లైన్ల ప్రోగ్రాం రాశాడు. జలాంతర్గాములు సోనార్‌తో చప్పుడు చేసి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి దూరం కొలుస్తాయి. ఆ చప్పుడు పేరే దీనికి పెట్టాడు. తన జీవితంలో అన్నిటికన్నా పేరు తెచ్చేది ఇదే అవుతుందని ముందే తెలిస్తే ఇంకో రోజో రెండు రోజులో పనిచేసి మరికొన్ని ఆప్షన్లు చేర్చేవాణ్ణని తర్వాత రాసుకున్నాడు.

తాను విన్న పింగ్ కథల్లో మేలైనది అంటూ ఆయన ఒకటి చెప్పాడు. ఒక అడ్మిన్ ఆఫీసులో ఈథర్‌నెట్ ఉండుండి తెగిపోతోంది. ఆయన పింగ్‌ను మాట పలికించే ప్రోగ్రాంకు కలిపి, దాన్ని స్టీరియోకు తగిలించి సౌండు బాగా పెంచాడు. కంప్యూటర్ సెకనుకోసారి "పింగ్, పింగ్" అని అరుస్తుంటే, తను బిల్డింగంతా తిరుగుతూ ఒక్కో కనెక్టరునూ కదిపి చూశాడు. ఏది కదిపినప్పుడు అరుపు ఆగిందో అదే దొంగ.

ఈ ఉపాయం ఇవాళ కూడా పనికొస్తుంది. లైనక్స్ పింగ్‌లో 'మైనస్ ఏ' అని చేరిస్తే జవాబు వచ్చినప్పుడల్లా బీప్ వినిపిస్తుంది. లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, మీరు ర్యాక్ వెనక్కి వెళ్లి కేబుళ్లు కదపండి. స్క్రీన్ చూసి చెప్పడానికి ఇంకో మనిషి అక్కర్లేదు.

169.254 కనబడితే ఇంటర్నెట్ జోలికి వెళ్లకండి

కంప్యూటర్ ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే, అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి దానికి జవాబు రాలేదని అర్థం. తనకు తానే ఒక అడ్రస్ పెట్టుకుంది. గొడవ కేబుల్‌లోనో, వీలాన్‌లోనో, డీహెచ్‌సీపీలోనో ఉంది. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి క్యూలో నిలబడటం దండగ. అదే గేట్‌వే పలికి, బయటి ఐపీ కూడా పలికి, వెబ్‌సైట్ పేరు మాత్రం పలకకపోతే డీఎన్‌ఎస్ చూడండి. ఇంతవరకు తేల్చడానికి రెండు నిమిషాలు చాలు.

ఐదు వందల మైళ్లు దాటని ఈమెయిల్

ఈ కథ అడ్మిన్లలో చాలామంది విన్నదే. వినని కుర్రాళ్ల కోసం మళ్లీ చెప్పాలి.

1990లలో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ట్రే హారిస్ ఈమెయిల్ వ్యవస్థ చూసేవాడు. ఒకరోజు స్టాటిస్టిక్స్ విభాగాధిపతి ఫోన్ చేసి, తమ మెయిళ్లు ఐదు వందల మైళ్లకు మించి వెళ్లడం లేదన్నాడు. మెయిల్‌కి దూరంతో పనేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ వాళ్లు లెక్కల మనుషులు. రోజుల తరబడి సమాచారం పోగేసి, మ్యాపు గీసి మరీ చెబుతున్నారు. హారిస్ స్వయంగా పంపి చూస్తే, దగ్గర ఊళ్లకు వెళ్తున్నాయి, దూరపు ఊళ్లకు వెళ్లట్లేదు.

తీగ లాగితే డొంక కదిలింది. ఎవరో సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేస్తూ, తెలియకుండా సెండ్‌మెయిల్ ప్రోగ్రాంను పాత వెర్షన్‌కు దించారు. కొత్త కాన్ఫిగ్ ఫైల్ పాత ప్రోగ్రాంకు అర్థం కాక, అవతలి సర్వర్ కోసం ఎంతసేపు ఆగాలి అన్న విలువ సున్నా అయింది. ఆ మెషీన్ మీద సున్నా అంటే సుమారు మూడు మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో కాంతి ఎంత దూరం పోతుంది? దాదాపు 900 కిలోమీటర్లు, అంటే 558 మైళ్లు. విభాగాధిపతి మాటే నిజమైంది. చెప్పేటప్పుడు కొన్ని వివరాలు మార్చానని హారిసే ఒప్పుకున్నాడు. అయినా ఇందులో ఉన్న లెక్క రోజూ పనికొచ్చేది.

ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు. అంటే ప్రతి వెయ్యి కిలోమీటర్లకూ రానూపోనూ పది మిల్లీసెకన్లు తప్పవు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి సూటిగా కొలిచినా పన్నెండు వందల కిలోమీటర్ల పైమాటే కాబట్టి, ఎంత ఖరీదైన లైన్ తీసుకున్నా పింగ్ 12 కన్నా తగ్గదు. అమెరికాలో ఉన్న సర్వర్‌కు రెండు వందలు చూపిస్తోందని సర్వీస్ ప్రొవైడర్‌తో తగవు పడేముందు ఈ లెక్క వేసుకోండి. నిన్నటిదాకా ఇరవై చూపించిన చోట ఇవాళ రెండు వందలు చూపిస్తే మాత్రం గట్టిగా అడగండి.

ట్రేస్‌రూట్‌లో నడిమధ్య నక్షత్రాలు

1987లో వాన్ జేకబ్సన్ రాసిన ట్రేస్‌రూట్ ఒక చక్కటి కిటుకు మీద నడుస్తుంది. ప్రతి ప్యాకెట్‌కూ ఇన్ని రౌటర్లు దాటవచ్చు అన్న పరిమితి ఉంటుంది. ఆ పరిమితిని ఒకటి, రెండు, మూడు అంటూ పెంచుతూ పంపితే, పరిమితి తీరిన చోటి రౌటర్ తన పేరు తనే చెప్పేస్తుంది.

నడుమ ఒక రౌటర్ దగ్గర నక్షత్రాలు కనబడగానే అక్కడే తెగిందని తేల్చేయడం చాలామంది చేసే పొరపాటు. రౌటర్లకు ట్రాఫిక్ దాటించడం మొదటి పని. మన ప్రశ్నలకు జవాబివ్వడం తీరిక ఉంటే చేసే పని. చివరి గమ్యం దాకా నష్టం లేకుండా చేరుతుంటే మధ్యలో కనిపించే నష్టాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఒకచోట మొదలైన నష్టం అక్కణ్నుంచి చివరిదాకా కొనసాగితేనే అనుమానించాలి. ఇది తేల్చడానికి పింగ్‌నూ ట్రేస్‌రూట్‌నూ కలిపిన ఎంటీఆర్ మేలు. వంద ప్యాకెట్లు పంపి చూడండి.

రెండు కొసలూ గోడలోనే ఉన్న కేబుల్

కొన్నేళ్ల కిందట ఒక ఆఫీసులో మూడో అంతస్తు మొత్తం ఒక్కసారిగా ఆగిపోయింది. నేను వెళ్లేసరికి స్విచ్ మీద ఉన్న పచ్చ లైట్లన్నీ ఒకే లయలో, కలిసికట్టుగా మెరుస్తున్నాయి. మామూలుగా ఒక్కోటి ఒక్కో తీరుగా మినుకుమంటాయి. అన్నీ కలిసి మెరుస్తున్నాయంటే లూప్ అని అనుమానించాలి. దూరం నుంచి లాగిన్ కావడానికి స్విచ్ పలకలేదు. కన్సోల్ కేబుల్ పెట్టి లాగ్ చూస్తే, ఒకే మ్యాక్ అడ్రస్ కాసేపు 14వ పోర్టులో, కాసేపు 22వ పోర్టులో కనిపిస్తోందని వరసగా పడుతోంది. 22లో ఉన్న వైరు లాగాను. లైట్లు ఎవరి దారిన అవి మెరవడం మొదలుపెట్టాయి.

ఆ పోర్టు కాన్ఫరెన్స్ గదికి వెళ్తుంది. అక్కడ ఒక ప్యాచ్ కార్డ్ రెండు కొసలూ గోడలోని రెండు సాకెట్లలో శుభ్రంగా దిగి ఉన్నాయి. "కింద పడుంటే ఎవరికన్నా కాలికి తగుల్తదని పెట్టిన అన్నా," అన్నాడు ఆఫీస్ బాయ్. అతని జాగ్రత్తలో తప్పేమీ లేదు. తప్పు మాది. లూప్‌ను ఆపే స్పానింగ్ ట్రీని ఆ స్విచ్‌లో ఎప్పుడో కట్టేశారు. అది ఉంటే కంప్యూటర్ తగిలించాక పోర్టు లేవడానికి ముప్పై సెకన్లు పడుతోందట! పోర్ట్‌ఫాస్ట్ పెడితే ఆ ముప్పై సెకన్లూ పోతాయి, బీపీడీయూ గార్డ్ పెడితే ఇలాంటి లూప్ పడ్డ పోర్టు దానంతటదే మూసుకుంటుంది. రెండు లైన్ల పని.

స్పానింగ్ ట్రీని 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజినీరు రూపొందించారు. ఐపీ ప్యాకెట్‌కు ఉన్నట్టు ఈథర్‌నెట్ ఫ్రేముకు దాటే పరిమితి ఉండదు. లూప్‌లో పడితే అది తిరుగుతూనే ఉంటుంది, దారిలో కాపీలు పుట్టిస్తుంది. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆస్పత్రిలో నెట్‌వర్క్ స్పానింగ్ ట్రీ పరిమితులను మించి పెరిగిపోయి, సుమారు నాలుగు రోజులు కుప్పకూలింది. డాక్టర్లు మళ్లీ కాగితం, కలం పట్టుకుని పనిచేశారు.

34 సెకన్లకు సున్నా అయ్యే మీటరు

ఎస్‌ఎన్‌ఎంపీలో పాత 32 బిట్ల కౌంటర్ గిగాబిట్ లైన్ నిండుగా నడిస్తే 34 సెకన్లకే నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మీ మానిటరింగ్ ఐదు నిమిషాలకోసారి దాన్ని చదువుతుంటే గ్రాఫ్ అబద్ధం చెబుతున్నట్టే. 64 బిట్ల కౌంటర్లకు మార్చండి.

వెనక్కి తీసుకెళ్లే అలారం

దూరంలో ఉన్న బ్రాంచి రౌటర్‌లో ఒక లైన్ మార్చి ఎంటర్ కొట్టగానే, మన కనెక్షనే తెగిపోవడం ఎంత భయంకరమో పడ్డవాళ్లకి తెలుసు. ఇక కారెక్కి వెళ్లాల్సిందే. సిస్కో పరికరాల్లో మార్పుకు ముందు 'రీలోడ్ ఇన్ 10' అని కొడితే పది నిమిషాల తర్వాత రౌటర్ రీస్టార్ట్ అవుతుంది. మార్పును సేవ్ చేయలేదు కాబట్టి పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టి, అప్పుడు సేవ్ చేయండి. జూనిపర్‌లో ఇంకా హాయి. 'కమిట్ కన్ఫర్మ్‌డ్' అంటే, మీరు పది నిమిషాల్లో మళ్లీ ఖాయం చేయకపోతే రీస్టార్ట్ లేకుండానే పాతదానికి వెళ్లిపోతుంది.

సిస్కో స్విచ్‌లో ట్రంక్‌కు కొత్త వీలాన్ కలిపేటప్పుడు 'యాడ్' అన్న చిన్న పదం మరిచిపోతే, కొత్తది మిగిలి పాతవన్నీ పోతాయి. ఎన్ని అంతస్తులు, ఎన్ని బ్రాంచీలు ఆ ఒక్క పదం వల్ల చీకటైపోయాయో!

చిన్న మెయిల్ వెళ్తుంది, పెద్ద అటాచ్‌మెంట్ వెళ్లదు

వీపీఎన్ మీద పనిచేసే వాళ్ల దగ్గర్నుంచి తరచూ వచ్చే ఫిర్యాదు ఇది. లాగిన్ అవుతుంది, పేజీ సగం వస్తుంది, ఫైల్ మాత్రం కదలదు. ఇలా ఉంటే ఎంటీయూ చూడండి. ఈథర్‌నెట్ ప్యాకెట్ 1500 బైట్లు. అందులో పింగ్ హెడర్లకు 28 పోతే 1472. విండోస్‌లో ముక్కలు చేయవద్దని చెప్పే 'మైనస్ ఎఫ్', సైజు చెప్పే 'మైనస్ ఎల్ 1472' పెట్టి పింగ్ కొట్టండి. దాటకపోతే తగ్గిస్తూ పోండి. పీపీపీఓఈ లైన్ అయితే 1464 దగ్గర దాటుతుంది. వీపీఎన్‌లో ఇంకా కింద. దాటిన అంకెకు 28 కలిపితే మీ ఎంటీయూ చేతికి వచ్చినట్టే.

ఊరి బ్రాడ్‌బ్యాండ్‌ను ఆపిన టీవీ

బ్రిటన్‌లోని వేల్స్‌లో అబెర్హోసన్ అనే పల్లెలో పద్దెనిమిది నెలలపాటు రోజూ ఉదయం ఏడు గంటలకు బ్రాడ్‌బ్యాండ్ పడిపోయేది. కేబుళ్లు మార్చారు, లాభం లేకపోయింది. చివరికి ఇంజినీర్లు స్పెక్ట్రమ్ ఎనలైజర్ పట్టుకుని తెల్లారకముందే ఊరంతా తిరిగారు. సరిగ్గా ఏడింటికి ఒక ఇంట్లోంచి పెద్ద విద్యుత్ అలజడి. ఆ ఇంటివాళ్లు పాత టీవీ వేసే సమయం అది! 2020లో ఈ వార్త లోకమంతా తిరిగింది. ఫిర్యాదు రాసుకునేటప్పుడు గడియారం టైం తప్పకుండా రాసుకోండి. రోజూ ఒకే వేళకు వచ్చే రోగానికి ఆ వేళకు జరిగే పనే కారణం కావచ్చు. ఆఫీసులో అయితే బ్యాకప్ మొదలయ్యే వేళ, లిఫ్ట్ రద్దీ వేళ, జనరేటర్ మారే వేళ చూడండి.

గడువు తీరిన ఒక్క సర్టిఫికెట్

2018 డిసెంబరులో బ్రిటన్‌లో ఓ2 వినియోగదారులు కోట్లమంది ఒకరోజు మొబైల్ డేటా లేకుండా గడిపారు. ఎరిక్‌సన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్ గడువు తీరడమే కారణం. మీ సర్టిఫికెట్ల గడువు తేదీలు క్యాలెండర్‌లో నెల ముందే మోగేలా పెట్టండి. గడియారాలు కూడా సరిచూడండి. విండోస్ డొమైన్‌లో కంప్యూటర్ టైం ఐదు నిమిషాలకు మించి తేడా వస్తే, పాస్‌వర్డ్ సరైనదే అయినా లాగిన్ దెబ్బతింటుంది.

తాళం చెవి లోపలే ఉండిపోతే

2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు మాయమైంది. ఒక మెయింటెనెన్స్ కమాండ్ దాని డేటా సెంటర్లను కలిపే నెట్‌వర్క్‌నంతా దించేసింది. బాగుచేయడానికి వాడాల్సిన సొంత పనిముట్లు కూడా ఆ నెట్‌వర్క్ మీదే ఉన్నాయి. మన ఆఫీసులు చిన్నవే కావచ్చు, ఈ ఇబ్బంది మాత్రం ఒకటే. స్విచ్ పాస్‌వర్డ్‌లు, కాన్ఫిగ్ బ్యాకప్‌లు, వైరింగ్ బొమ్మ అన్నీ ఆఫీసు సర్వర్‌లోనే ఉంటాయి. సర్వర్‌కి దారి ఆ స్విచ్ మీదుగానే ఉంటుంది.

ఆక్సిడైజ్డ్, ర్యాన్సిడ్ లాంటి ఉచిత ప్రోగ్రాంలు మీ స్విచ్‌ల కాన్ఫిగ్‌ను వాటంతటవే తెచ్చి, నిన్నటికీ ఇవాళ్టికీ ఏ లైన్ మారిందో చూపిస్తాయి. ఈ వారమే ఒకటి పెట్టుకోండి, కాపీ ఒకటి ఆఫీసు బయట ఉంచండి. ఏ పోర్టు ఏ గదికి వెళ్తుందో, సర్వీస్ ప్రొవైడర్ సర్క్యూట్ నంబరేమిటో, ఫోన్ ఎవరికి చేయాలో మాత్రం కాగితం మీద ప్రింట్ తీసి ర్యాక్ తలుపు లోపలివైపు అంటించండి. నెట్‌వర్క్ మొత్తం పోయిన రోజున చదవడానికి దొరికేది ఆ కాగితం ఒక్కటే.