నది ఒడ్డున రెండు గంటలు: పిల్లలతో వెళ్లే ముందు, వచ్చిన తర్వాత



"మనం ఇవాళ ఎత్తేస్తే రేపు మళ్లీ ఎవరో పడేస్తారు కదా, మరెందుకు నాన్నా?" నది ఒడ్డు శుభ్రం చేయడానికి పిల్లల్ని తీసుకెళ్తే కాసేపటికి వాళ్లలో ఒకరైనా ఈ ప్రశ్న అడుగుతారు. "అలా అనకూడదు" అని కసురుకోకండి. అది సరైన ప్రశ్న. దానికి జవాబు పిల్లలే కనుక్కునేలా ఆ రెండు గంటలు గడపవచ్చు.

చెత్త నదికి ఎలా చేరుతుంది?

గోదావరినే తీసుకుందాం. కార్తీక పౌర్ణమి మర్నాడు రాజమహేంద్రవరం ఘాట్ల దగ్గర నిలబడితే పూలు, వత్తులతో పాటు ప్లాస్టిక్ కవర్లు, థర్మకోల్ ముక్కలు కనిపిస్తాయి. అయితే నదిలోని చెత్తంతా ఒడ్డుకు వచ్చినవాళ్లు వేసిందే కాదు. నదికి దూరంగా ఉన్న వీధిలో మనం పడేసిన చాక్లెట్ కాగితం వాన పడగానే పక్క కాలువలోకి, అక్కడి నుంచి పెద్ద మురుగు కాలువలోకి, చివరికి నదిలోకి వెళ్తుంది.

ప్రయాణం అక్కడితో ఆగదు. ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలుగా చీలుతుంది. గౌతమి పాయ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే కోరింగ మడ అడవులు ఉన్నాయి. ఆ తీరపు ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. నీటిలో తేలే ప్లాస్టిక్ కవరును జెల్లీ చేప అనుకుని సముద్ర తాబేళ్లు మింగేస్తాయి.

ఒడ్డున మిగిలేది ఏమిటి?

ఒడ్డు మీద ఉన్నవాటిని జాగ్రత్తగా గమనించమని పిల్లలకు చెప్పండి. నీళ్ల సీసాలకు పాత సామాన్ల దుకాణంలో ధర పలుకుతుంది కాబట్టి చెత్త ఏరుకుని బతికేవాళ్లు వాటిని తీసుకెళ్తారు. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్ల సంగతి వేరు. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కలిపి తయారుచేసిన వాటిని విడదీయడం కష్టం. అందుకే వాటిని కొనేవాళ్లు అరుదు. అవే ఎక్కువగా మిగిలిపోతాయి. ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లు, స్ట్రాలు, అలంకరణ థర్మకోల్ వంటివాటిని 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. చిప్స్ ప్యాకెట్లు ఆ జాబితాలో లేవు.

ఎత్తడమే కాదు, లెక్క రాయాలి

1986లో అమెరికాలోని టెక్సాస్ సముద్ర తీరంలో కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు చెత్త ఏరుతూ, దొరికిన ప్రతి వస్తువునూ కాగితం మీద రాశారు. ఇప్పుడు ఏటా సెప్టెంబరులో ఎన్నో దేశాల్లో జరిగే అంతర్జాతీయ తీర శుభ్రతా కార్యక్రమం అలా మొదలైంది. ఏ వస్తువులు ఎక్కువగా దొరుకుతున్నాయో ఆ లెక్కల వల్లే తెలిసింది.

మనమూ అదే చేయవచ్చు. పదేళ్ల లోపు పిల్లలకు చెత్త ముట్టుకునే పని వద్దు, నోటు పుస్తకం ఇవ్వండి. కవర్లు, ప్యాకెట్లు, సీసాలు, కప్పులు, థర్మకోల్, ఇతరాలు అని ఆరు గడులు గీసి, పెద్దవాళ్లు ఎత్తిన ప్రతిదానికీ ఒక గీత పెట్టమనండి.

బయలుదేరే ముందు

- సంచులు ఎవరు తీసుకెళ్తారో ముందే మాట్లాడుకోండి. మున్సిపాలిటీ లేదా పంచాయతీ సిబ్బందికి రోజు, సమయం చెప్పి ఉంచండి. నింపి ఒడ్డునే వదిలేసిన సంచిని కుక్కలు చింపుతాయి, చెత్త మళ్లీ నీళ్లలోకే పోతుంది.
- వరద రోజుల్లో వెళ్లవద్దు. గోదావరికి సాధారణంగా జులై నుంచి సెప్టెంబరు వరకు వరద ఉంటుంది. శీతాకాలం ఉదయాలు అనువైనవి.
- ఎవరూ నీళ్లలోకి దిగకూడదు. తేలుతున్న వస్తువు కోసం వంగకూడదు. ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఒక పెద్దవారు తోడుండాలి.
- మందపాటి గ్లౌజులు, బూట్లు, నిండు చేతుల చొక్కా, టోపీ, తాగే నీళ్లు తప్పనిసరి. నీళ్లు ఇంటి నుంచి స్టీలు సీసాలో తీసుకెళ్లండి.
- గాజు పెంకులు, సూదులు, మందు సీసాలు కనబడితే పిల్లలు ముట్టుకోకుండా పెద్దవాళ్లను పిలవాలి. పొదల్లో, రాళ్ల కింద చేతులు పెట్టకూడదు.
- కాళ్లకు, చేతులకు పుండ్లు ఉన్నవాళ్లు బురదకు దూరంగా ఉండాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. ఏదైనా గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో కడిగి, టీటీ ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగండి.

ఇంటికి వచ్చాక

స్నానాలయ్యాక నోటు పుస్తకం తెరిచి, ఏ గడిలో గీతలు ఎక్కువున్నాయో పిల్లలనే లెక్కపెట్టమనండి. తర్వాత వంటింటి చెత్త బుట్టను అదే ఆరు గడుల్లో వారం రోజులు లెక్కించమనండి. రెండు పేజీలూ పక్కపక్కన పెడితే, పడేసే ఆ "ఎవరో"ల్లో మనమూ ఉన్నామని వాళ్లకే అర్థమవుతుంది.

అప్పుడు ఒక్క గడి ఎంచుకోండి. కవర్లు ఎక్కువైతే బజారుకు గుడ్డ సంచి. కప్పులు, ప్లేట్లు ఎక్కువైతే పుట్టినరోజుకు ఇంట్లోని స్టీలు గ్లాసులు, ఆకు దొన్నెలు. కార్తీక దీపానికి థర్మకోల్ బదులు మన అమ్మమ్మలు వాడిన అరటి దొప్ప. ఒక నెల తర్వాత మళ్లీ బుట్ట లెక్కపెట్టండి.

2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. మీ ఊరి నది గోదావరి కావచ్చు, కృష్ణ, మూసీ, పెన్నా కావచ్చు. ఎత్తిన సంచి ఆ రోజుకు ఒడ్డును శుభ్రం చేస్తుంది. పిల్లవాడు రాసిన ఆ పేజీ మీ ఇంటి నుంచి నదికి వెళ్లే చెత్తను తగ్గిస్తుంది. ఈసారి "మరెందుకు నాన్నా?" అని అడిగితే ఆ పేజీ చూపించండి.